పోలిష్ స్నేహితుడితో పోలండ్ నగరాల రోడ్ ట్రిప్: ఎలా ప్లాన్ చేయాలి, ఎక్కడ దెబ్బ తింటాం

"మా ఆఫీసులో పోలండ్ అబ్బాయి ఉన్నాడు, ఎండాకాలంలో రమ్మంటున్నాడు, కారులో తిరుగుదామంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నేను, మా ఆవిడ, మా అమ్మ, మా పోలిష్ మిత్రుడు కలిసి పన్నెండు రోజులు తిరిగాం. ఇక్కడి నుంచి అతన్ని ‘మావాడు’ అంటాను. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా, పని జరిగే వరుసలోనే రాస్తున్నాను.

1. వీసా కంటే ముందు స్నేహితుడితో అరగంట మాట్లాడండి

అందరూ చేసే మొదటి తప్పు "లోకల్ వాడివి, నువ్వే చూసుకో" అనడం. పోలండ్‌లో ఉద్యోగికి ఏడాదికి 20 లేదా 26 రోజుల సెలవు ఉంటుంది. అందులోంచి పది రోజులు మీకిస్తున్నాడంటే తన ఎండాకాలం దాదాపు మొత్తం మీ చేతిలో పెట్టినట్టే. పైగా బుకింగులు, డ్రైవింగు, గైడు పని కూడా అతని నెత్తిన పెడితే నాలుగో రోజుకి మొహం మాడిపోతుంది.

ఇంకో సంగతి. లోకల్ మనిషికి తన దేశంలోని టూరిస్టు స్థలాల గురించి పెద్దగా తెలియదు. చార్మినార్ ఎక్కని హైదరాబాదీలు ఎంతమంది లేరు? మావాడు వియెలిచ్కా ఉప్పు గనికి ఆఖరుసారి వెళ్లింది స్కూలు పిక్నిక్‌లో. "టికెట్లదేముంది, వెళ్తే ఇస్తారు" అన్నాడు. నమ్మి వెళితే ఎండలో పొడవాటి క్యూ.

అందుకని పని ఇలా పంచుకోండి:

- మీ పని: హోటళ్లు, టికెట్లు, రూటు, కాగితాలు, లెక్కలు.
- అతని పని: ఫోన్‌లో పోలిష్ మాట్లాడటం, పార్కింగ్ బోర్డులు చదవడం, ఎక్కడ తినాలో చెప్పడం, "ఈ శనివారం ఆ రోడ్డెక్కితే అయిపోయినట్టే" అని హెచ్చరించడం.
- ఇద్దరూ తేల్చుకోవాల్సినవి: ఎవరు ఎన్ని కిలోమీటర్లు నడుపుతారు, ఏ రాత్రులు అతని ఇంట్లో ఉంటారు, మధ్యలో ఏ రోజు ఎవరి దారిన వాళ్లు తిరుగుతారు, పెట్రోలు ఖర్చు ఎవరిది.

పెట్రోలు, టోల్, పార్కింగ్ మీరే పెట్టుకోండి. అతను వద్దన్నా సరే.

2. తేదీలు

జూన్ చివర్లో బడులు మూసేస్తే మళ్లీ తెరిచేది సెప్టెంబరులోనే. ఈ రెండు నెలలూ సముద్రం వైపు, కొండల వైపు రోడ్లు కిటకిటలాడతాయి. మీకు వీలైతే జూన్ రెండో, మూడో వారం మంచిది. రాత్రి తొమ్మిదిదాకా వెలుగుంటుంది, హోటళ్లు దొరుకుతాయి. అయితే కార్పస్ క్రిస్టి పండుగ గురువారం వస్తుంది. శుక్రవారం సెలవు పెట్టి దేశమంతా ఊళ్లకు బయల్దేరుతుంది. మన సంక్రాంతికి విజయవాడ హైవే గుర్తుచేసుకోండి. ఆ బుధవారం సాయంత్రం కారు తీయకండి.

ఆగస్టు 15 వాళ్లకూ సెలవే. కారణం వేరనుకోండి. షాపులు మూసే ఉంటాయి.

ఆగస్టు 1న వార్సాలో ఉంటే సాయంత్రం సరిగ్గా 5 గంటలకు సైరన్లు మోగుతాయి. 1944లో వార్సా తిరుగుబాటు మొదలైన సమయమది. నడిచేవాళ్లు నిలబడిపోతారు, కార్లు ఆగిపోతాయి, చాలామంది కారు దిగి నిలబడతారు. మీరూ ఆగండి. హారన్ కొట్టి ముందుకు పోవాలని మాత్రం చూడకండి.

ఆదివారాలు పెద్ద చిక్కు. ఏడాదిలో కొన్ని ఆదివారాలు తప్ప సూపర్ మార్కెట్లు, మాల్స్ తెరవరు. పెట్రోల్ బంకులు, హోటళ్లు, యజమానే కౌంటర్లో కూర్చునే చిన్న కొట్లు ఉంటాయి. పాలు, పెరుగు, పళ్లు శనివారమే కొనేయండి. ఆదివారాన్ని వార్సాలో పెట్టుకుంటే ఇంకా బాగు. మే మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా వాజియెంకి పార్కులో పోలిష్ స్వరకర్త షోపాన్ విగ్రహం దగ్గర మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఉచితంగా పియానో కచేరీ ఉంటుంది. గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చోవడమే.

3. కాగితాలు

భారత్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ఎక్కువ రాత్రులు పోలండ్‌లోనే గడుపుతారు కాబట్టి పోలండ్‌కే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆలస్యమైనా 15 రోజుల ముందు పెట్టాలి. ఎండాకాలం అపాయింట్‌మెంట్లు దొరకవు. టెన్షన్ వద్దనుకుంటే మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

స్నేహితుడు ఉత్తినే రాసిచ్చిన ఆహ్వాన లేఖ వేరు, అక్కడి వోయివోడా (ప్రాంతీయ గవర్నరు) కార్యాలయంలో నమోదు చేయించిన ఆహ్వానం వేరు. రెండోది చేతికి రావడానికి టైం పడుతుంది. అన్ని రాత్రులకూ హోటల్ బుకింగులు, సరిపడా బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపగలిగితే ఆ తంటా అవసరం పడదు. మేం అదే చేశాం.

బయల్దేరే ముందు చూసుకోండి:

- కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా
- మన లైసెన్సు అసలు కార్డు, దాంతోపాటు ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ (ఏడాది చెల్లుతుంది, ఒక్కదానితో పని జరగదు, రెండూ ఉండాలి)
- కారు నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు, డిపాజిట్‌కు సరిపడా లిమిట్
- రోజూ వేసుకునే మందులు, వాటి చీటీ

సామానులో ఏం ఉండకూడదో కూడా చెప్పాలి. ఎండాకాలం కదా, నాలుగు బంగినపల్లి పళ్లు పట్టుకెళ్దాం అనిపిస్తుంది. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తాజా మామిడి పళ్లను యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. కరివేపాకూ అంతే. మాంసం, పాల ఉత్పత్తులకూ ఇదే నిషేధం, కాబట్టి ఇంట్లో కాచిన నెయ్యి వద్దు. అరకు కాఫీ పొడి, జీడిపప్పు, కొండపల్లి బొమ్మ లాంటివి పట్టుకెళ్లండి.

4. కారు

విమానం దిగగానే కారు తీసుకోకండి. వార్సాలో మెట్రో, ట్రాములు ఉన్నాయి, అక్కడ కారు భారమే. మూడో రోజు పొద్దున ఊరు వదిలేటప్పుడు తీసుకుంటే రెండు రోజుల అద్దె, పార్కింగ్ గోల రెండూ తప్పుతాయి.

అక్కడ స్టీరింగు ఎడమవైపు, నడపడం కుడివైపు. దీనికి తోడు కుడిచేత్తో గేర్లు మార్చడం కూడా నేర్చుకోవాలంటే కష్టం. ఆటోమేటిక్ కావాలని బుకింగ్‌లోనే చెప్పండి. ఇద్దరూ నడిపేట్టయితే రెండో డ్రైవరు పేరు కాగితంలో ఎక్కించాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా చేతులెత్తేస్తుంది.

స్నేహితుడి సొంత కారులో వెళ్తున్నారా? అది పాత డీజిల్ బండి అయితే ఒకటి సరిచూసుకోండి. వార్సాలో 2024 జులై నుంచి, క్రాకుఫ్‌లో 2026 జనవరి నుంచి కాలుష్య నియంత్రణ మండలాలు వచ్చాయి. పాత బండ్లకు లోపల ఆంక్షలుంటాయి. బీమాలో వేరేవాళ్లు నడపడం గురించి ఏముందో కూడా అడగండి.

కారు తీసుకునే ముందు, పార్కింగ్ దాటకుండానే:

- నాలుగు వైపులా, చక్రాలు, అద్దం, పైకప్పు వీడియో తీయండి.
- పెట్రోలా డీజిలా అడిగి, మూత లోపల స్టిక్కరు చూడండి.
- త్రికోణం, మంటలార్పే సిలిండరు ఉన్నాయో చూడండి. అక్కడి రిజిస్ట్రేషన్ బండికి రెండూ తప్పనిసరి.
- నంబరు ప్లేటు ఫోటో తీసి అందరి ఫోన్లలో పెట్టండి. ఎందుకో పార్కింగ్ దగ్గర తెలుస్తుంది.
- లైట్లు పనిచేస్తున్నాయో చూడండి. పగలైనా, మండుటెండైనా లైట్లు వేసే నడపాలి.

5. రూటు: దక్షిణం ముందు, సముద్రం ఆఖర్న

మొత్తం సుమారు 1,400 కిలోమీటర్లు. ఈ వరుస ఎందుకంటే, ఎక్కువ నడక, ఎక్కువ టికెట్లు ఉన్న క్రాకుఫ్‌ని ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే పూర్తిచేయొచ్చు.

- 1–2 రోజులు: వార్సా (కారు లేకుండా)
- 3–5: క్రాకుఫ్, సుమారు 295 కి.మీ.
- 6–7: వ్రోత్సువాఫ్, 270 కి.మీ.
- 8: పోజ్నాన్, 180 కి.మీ.
- 9: తోరున్, 160 కి.మీ.
- 10–11: గ్దాన్స్క్, 170 కి.మీ.
- 12: తిరిగి వార్సా, 340 కి.మీ.

పోలిష్ రాతలో ‘ఎల్’ అక్షరం మీద అడ్డగీత ఉంటే ‘వ’లా పలకాలి. మనం వ్రోక్లా అని చదివే ఊరిని వాళ్లు వ్రోత్సువాఫ్ అనేది అందుకే. నావిగేషన్‌లో పేరు నోటితో చెప్పకుండా స్నేహితుడితో టైప్ చేయించండి.

వార్సాలో పాత బస్తీ ఎటూ చూస్తారు. యుద్ధంలో నేలమట్టమైతే మళ్లీ కట్టుకున్నది. ఓచోతా ప్రాంతంలో ‘మంచి మహారాజు’ పేరుతో ఒక చిన్న కూడలి ఉంది, అక్కడా ఒకసారి ఆగండి. రెండో ప్రపంచయుద్ధంలో పోలిష్ పిల్లలకు గుజరాత్‌లోని బాలాచడిలో ఆశ్రయమిచ్చిన నవానగర్ సంస్థాన పాలకుడు జామ్‌సాహెబ్ పేరది. మా అమ్మ అక్కడే ఎక్కువసేపు కూర్చుంది.

క్రాకుఫ్‌కి మూడు రోజులివ్వండి. ఒకరోజు వావెల్ కోట, పెద్ద చౌరస్తా. సెయింట్ మేరీ చర్చి గోపురం మీంచి గంటగంటకీ బూర ఊదుతారు, పాట మధ్యలో టక్కున ఆగిపోతుంది. అది ఊదేవాడి పొరపాటు కాదు, ఆచారమే. ఒక పూట వియెలిచ్కా గని. కిందికి దిగడానికే వందల మెట్లు, లోపల ఏడాదంతా 17–18 డిగ్రీలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల సంగతి బుకింగ్‌కి ముందే ఆలోచించండి, స్వెట్టరు పట్టుకెళ్లండి.

యూదుల్ని లక్షల్లో చంపిన నాజీ శిబిరం ఆష్విట్జ్, ఇప్పుడు మ్యూజియం, క్రాకుఫ్‌కి పడమరగా 70 కిలోమీటర్ల లోపే. ప్రవేశ పాసు ముందే ఆన్‌లైన్‌లో పేరు మీద తీసుకోవాలి, గుర్తింపు కార్డు చూపాలి. పెద్ద సంచి లోపలికి రానివ్వరు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని తీసుకురావద్దని మ్యూజియమే చెబుతుంది. ఆ సాయంత్రానికి ఇంకే కార్యక్రమమూ పెట్టుకోవద్దు. మావాడు వస్తాడో రాడో ముందే అడిగాను. రానన్నాడు. బలవంతం చేయలేదు. ఒంటరి పూట కావాలంటే అందుకు ఇదే రోజు.

వ్రోత్సువాఫ్‌లో వీధుల్లో దాక్కున్న కంచు మరుగుజ్జు బొమ్మల్ని వెతకడం పిల్లలకు పండగే. చీకటి పడేవేళ ఓస్త్రుఫ్ తుంస్కీ దీవికి నడవండి, గ్యాసు దీపాల్ని ఇంకా మనిషే వచ్చి వెలిగిస్తాడు. పోజ్నాన్‌కి మధ్యాహ్నం 12 లోపు చేరాలి, టౌన్‌హాల్ గడియారంలోంచి రెండు మేకలు బయటికొచ్చి ఢీకొంటాయి. తోరున్ కోపర్నికస్ పుట్టిన ఊరు, అల్లం రొట్టెల ఊరు, ఒక పూట చాలు.

గ్దాన్స్క్‌లో జులై చివర మొదలై మూడు వారాలు సెయింట్ డొమినిక్ జాతర. చూడదగ్గదే కానీ గదుల ధరలు మండిపోతాయి. పక్కనే ఉన్న సోపోత్‌కి కారు తీసుకెళ్లకండి, లోకల్ రైలు ఎక్కండి. బాల్టిక్ నీళ్లు ఆగస్టులోనూ చల్లగానే ఉంటాయి, విశాఖ బీచ్ అనుకుని దూకకండి.

జకోపానె కొండలు ఇందులో ఎందుకు లేవని అడుగుతారు. ఎండాకాలం శని, ఆదివారాల్లో ఆ రోడ్డు మీద గంటలకు గంటలు ఇరుక్కుంటారు. వెళ్లాలంటే మంగళవారమో బుధవారమో క్రాకుఫ్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరండి.

6. రోడ్డెక్కాక

మొదటి గంట స్నేహితుణ్ని నడపనివ్వండి, మీరు పక్కన కూర్చుని చూడండి. తర్వాత ఊరి బయట ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టండి.

వేగ పరిమితులు: ఊళ్లో 50, ఊరి బయట మామూలు రోడ్డు మీద 90, మధ్యలో డివైడరున్న ‘ఎస్’ రోడ్ల మీద 120, ‘ఏ’ మోటార్‌వే మీద 140. కొన్నిచోట్ల ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరా దాకా సగటు వేగం లెక్కగడతారు. కెమెరా దగ్గర బ్రేకు వేసి తప్పించుకునే మన పద్ధతి అక్కడ పనికిరాదు. అక్కడ నివాసం లేనివాళ్లు జరిమానా అక్కడికక్కడే కట్టాలి.

మనవాళ్లు తరచూ తడబడేవి ఇవి:

- జీబ్రా గీతల మీదికి వస్తున్న మనిషికే ముందు దారి. ఆగాల్సిందే. మీరు నడిచేటప్పుడు ఫోన్ చూస్తూ రోడ్డు దాటడమూ నేరమే.
- ఎర్ర లైటు పక్కన పచ్చ బాణం వెలిగితే కుడికి తిరగొచ్చు, కానీ ముందు పూర్తిగా ఆగాలి. మెల్లగా దొర్లించుకుంటూ పోతే తప్పే.
- బోర్డులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిది ముందు హక్కు.
- ట్రాము రోడ్డు మధ్యలో ఆగి, జనం నేరుగా రోడ్డు మీదికి దిగుతుంటే వెనక ఆగండి.
- మోటార్‌వే మీద ముందు కారుకు మీ వేగంలో సగం మీటర్ల దూరం ఉంచాలి. 120లో వెళ్తుంటే 60 మీటర్లు.
- ట్రాఫిక్ ఆగితే ఎడమ వరుసవాళ్లు ఎడమకి, మిగతావాళ్లు కుడికి జరిగి అంబులెన్సుకు మధ్యలో దారి వదలాలి. సైరన్ వినబడేదాకా చూడొద్దు.
- మందు విషయంలో పరిమితి 0.2 ప్రొమిల్, అంటే దాదాపు సున్నా. రాత్రి బాగా తాగినవాడు పొద్దున్నే స్టీరింగు పట్టకూడదు.

భాష తెచ్చిన చిక్కు ఒకటి చెబుతాను. పోలిష్ మాటల్లో ‘నో’ అంటే ‘ఊఁ, అవును’ అని. కాదనడానికి ‘నియె’ అంటారు. "ఇక్కడ కుడికేనా?" అన్నాను. మావాడు ధ్యాసలో లేక "నో, నో" అన్నాడు. నేను నేరుగా పోనిచ్చాను. తర్వాతి ఎగ్జిట్ దాకా వెనక్కి తిరిగే వీల్లేదు, కారులో అందరూ మౌనం. అప్పటినుంచి కుడి, ఎడమ అని తెలుగులో నేర్పేశాను, పని సులువైంది.

పోలండ్‌లో మామూలు కార్లకు విన్యెట్ (హైవేలు వాడుకోవడానికి ముందే కట్టే రుసుము) లేదు. చెకియా, స్లొవాకియాల్లోకి తొంగిచూడాలనుకుంటే అక్కడ కావాలి, అద్దె కంపెనీ అనుమతీ కావాలి. క్రాకుఫ్, కటొవిత్సె మధ్య ఏ4 మీద టోల్ గేట్లున్నాయి, వాటిని నడిపే కంపెనీ ఒప్పందం 2027 మార్చి దాకా. కార్డుతో కట్టొచ్చు.

పెట్రోల్ బంకులో మనమే కొట్టుకుని, లోపలికెళ్లి పంపు నంబరు చెప్పి డబ్బు కట్టాలి. పంపు మీద ‘ఓఎన్’ అని రాసి ఉంటే అది డీజిల్. స్విచ్ ‘ఆన్’ కాదు. పెట్రోలు కావాలంటే 95 అంకె చూడండి.

7. పార్కింగ్

నగరాల మధ్యలో పార్కింగ్‌కు డబ్బు కట్టాలి. మిషన్‌లో నంబరు ప్లేటు అంకెలు కొట్టాలి. నేను ఒక అక్షరం తప్పు కొట్టాను. సున్నా, ‘ఓ’ తికమక. తిరిగొచ్చేసరికి వైపర్ కింద కాగితం. మావాడు ఫోన్ చేసి, రసీదు పంపి బతిమాలితే సర్దుబాటైంది. ఆ మాట్లాడటం మీ వల్ల కాదు, కాబట్టి ప్లేటు ఫోటో చూసే కొట్టండి, రసీదు పారేయకండి.

క్రాకుఫ్ పాత బస్తీలోకి బయటి కార్లు పోవడం దాదాపు కుదరదు. హోటల్ బుక్ చేసేటప్పుడే "పార్కింగ్ ఉందా" అని కాకుండా, "పార్కింగ్ గేటు ఏ వీధిలోంచి, నా కారుకు అనుమతి ఉందా" అని అడగండి. ఊరి అంచున పార్క్ అండ్ రైడ్‌లో వదిలి ట్రాము ఎక్కడం అన్నిటికంటే హాయి. పేపరు టికెట్ కొంటే ట్రాములోని చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. చేతిలో టికెట్ ఉండీ ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క.

8. డబ్బు

యూరోలు కాదు, జ్వోతీలు. ఎయిర్‌పోర్టులో మార్చకండి. ఊళ్లో ‘కాంతోర్’ అనే దుకాణాల్లో కొనే రేటు, అమ్మే రేటు రెండూ బోర్డు మీద ఉంటాయి. రెంటికీ తేడా తక్కువున్నచోటే మార్చండి. ఏటీఎం "మీ కరెన్సీలో తీసుకోమంటారా" అనడిగితే వద్దని, జ్వోతీలే ఎంచుకోండి.

హోటల్లో బిల్లుకి పెద్ద నోటిచ్చి "జెంకుయె", అంటే థాంక్స్ అన్నారంటే, చిల్లర ఉంచుకోమన్నట్టు. చిల్లర చేతికి వచ్చాకే థాంక్స్ చెప్పండి.

9. శాకాహారులుంటే

మా అమ్మ మాంసం ముట్టదు. ‘పియెరోగి రుస్కియె’ అంటే బంగాళదుంప, తాజా జున్ను కూరిన కజ్జికాయల్లాంటివి, ఉడికించి పెడతారు. పూర్తి శాకాహారమే అనుకుని తెప్పించాం. పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లి తెచ్చారు. అప్పటినుంచి ఆర్డరుతోపాటే "బెస్ స్క్వారెక్" అనడం అలవాటు చేసుకున్నాం. "బెస్ మియెంసా" అంటే మాంసం లేకుండా.

ధైర్యంగా తినదగ్గవి: ఆలుగడ్డ అట్లు, తీపి జున్ను పెట్టిన దోసెల్లాంటి నలెష్నికి, బీట్‌రూట్ మజ్జిగ చారు లాంటి చల్లని ఖ్వోద్నిక్ (పైన గుడ్డు ఉంటుంది, వద్దంటే చెప్పండి). జురెక్ సూపులో సాసేజ్ ఉంటుంది. ‘బార్ మ్లెచ్నీ’ అనే పాల హోటళ్లు చవక. మన పాత ఉడిపి హోటల్లా కౌంటర్లో డబ్బు కట్టి, పిలిస్తే వెళ్లి ప్లేటు తెచ్చుకోవాలి.

టాయిలెట్ తలుపు మీద త్రికోణం ఉంటే మగవాళ్లకి, సున్నా ఉంటే ఆడవాళ్లకి. చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి.

10. స్నేహితుడి ఇంట్లో

చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి, ఇది మనకు కొత్త కాదు. గడపకు అటూ ఇటూ నిలబడి చేయి కలపకండి, అశుభమంటారు. పూలు పట్టుకెళ్తే బేసి సంఖ్యలో ఉండాలి, చామంతులు వద్దు, అవి సమాధుల మీద పెట్టేవి. అతని అమ్మానాన్నల్ని పేరు పెట్టి పిలవకండి. పెద్దావిడైతే ‘పాని’, పెద్దాయనైతే ‘పాన్’. మన ‘గారు’ ఎక్కడ వాడతామో అక్కడ ఇది వాడితే సరిపోతుంది.

"ఇంటికి అతిథి వస్తే దేవుడొచ్చినట్టే" అని వాళ్లకూ సామెత ఉంది. మూడోసారి వడ్డిస్తున్నప్పుడు మొహమాటపడకుండా ఆపాలి. మావాడి అమ్మకి మా అమ్మ ఎదురుపడింది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఎవరూ ఎవర్నీ వద్దననివ్వలేదు. ఆ రోజు వ్రోత్సువాఫ్ సాయంత్రం నడక రద్దయింది.

11. కారు తిరిగిచ్చే రోజు

గ్దాన్స్క్ నుంచి వార్సాకి ఎస్7 మీద పొద్దున్నే బయల్దేరండి. ఆదివారం సాయంత్రమైతే బీచ్ నుంచి తిరిగొచ్చేవాళ్లంతా అదే రోడ్డు మీద ఉంటారు. విమానం ఆ రాత్రికే పెట్టుకోకండి.

- ఇచ్చే చోటికి దగ్గర్లోనే ట్యాంకు నింపి రసీదు ఉంచండి.
- మొదటి రోజులాగే నాలుగు వైపులా వీడియో, కిలోమీటర్ల మీటరు ఫోటో.
- డిపాజిట్ విడుదలైందని కాగితం మీద సంతకం చేయించుకోండి.
- పార్కింగ్ రసీదులు ఆరు నెలలు దాచండి. పార్కింగ్, కెమెరా జరిమానాలు అద్దె కంపెనీ ద్వారా నెలల తర్వాత కూడా వస్తాయి. మాకు ఒకటి దీపావళికి వచ్చింది. తేదీ చూస్తే ఆ రోజు నడిపింది మావాడు. ఇప్పటిదాకా అతనికి చెప్పలేదు.